మూత కింద తడి

బాయిలర్ మేస్త్రి ఖమైస్ శవాన్ని ఎనిమిదీ యాభైకి బయటికి మోసుకొచ్చారు. స్ట్రెచర్ నా ముందునుంచి వెళుతుంటే ఆపమన్నాను. దుప్పటి తొలగించి చూశాను.

పంతొమ్మిదేళ్లుగా పోలీసు ఉద్యోగంలో ఉన్నాను. చనిపోయిన మొహాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇది అలా లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి బుగ్గలు దానిమ్మ గింజల రంగులో ఉన్నాయి. పెదవులూ అంతే. తోటలో పని ముగించుకుని గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు.

"విషవాయువు," అన్నాడు డాక్టరు. "పొయ్యి సరిగ్గా మండనప్పుడు పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. పీల్చినవాడి రక్తాన్ని ఇలా ఎర్రగా చేసేస్తుంది. ఏడు గంటల ప్రాంతంలో పోయుంటాడు."

"ఎవరైనా ముందే చూసి బయటికి లాగుంటే?"

"పది నిమిషాలు ముందు లాగినా బతికేవాడేమో. గట్టిగా చెప్పలేను, ఇన్‌స్పెక్టర్."

ట్యునీషియాలో స్ఫాక్స్ నుంచి గాబెస్ వెళ్లే దారిలో, ఆలివ్ పిప్పినుంచి నూనె తీసే మిల్లు అది. రెండు బాయిలర్లు, రెండు ఇనుప పొగగొట్టాలు. రెండో బాయిలర్ ఈ ఏడు వాడటం లేదు. ఒకటోదాన్ని ఈ సీజనులో మొదటిసారిగా ఈ రోజు, గురువారం ఉదయం అయిదున్నరకి ఖమైస్ వెలిగించాడు. ఏడూ అయిదుకి ఊడ్చే ఆమె వచ్చి చూసేసరికి బాయిలర్ గదిలో నేలమీద పడి ఉన్నాడు. ఇది నాకు ఫోనులో చెప్పిన కథ.

బాయిలర్ గదిలో మరో కథ సిద్ధంగా ఉంది. దాన్ని చెప్పడానికి రవూఫ్ కమ్మూన్ కుర్చీ వేసుక్కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఆలస్యంగా వచ్చారు, మేడమ్ నజీబా. మీ పని కూడా నేనే చేసిపెట్టాను. సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు."

రవూఫ్ బీమా కంపెనీ ఇంజనీరు. ప్రమాదం జరిగిన ప్రతి మిల్లుకీ నాకంటే ముందే చేరుతాడు. పోయిన ఏడాది చెయ్యి తెగిన ఒక కూలీది 'స్వయంకృతం' అని రాశాడు. ఆ యంత్రానికి ఉండాల్సిన ఇనుప కంచెని ఎవరు పీకేశారో నేను బయటపెట్టాను. అప్పటినుంచి నాతో చేతులు కలపడం మానేశాడు. నేను మాత్రం పేరు ముందు 'సీ', అంటే గారు, చేర్చే పిలుస్తాను.

"మీరెప్పుడొచ్చారు, సీ రవూఫ్?"

"ఎనిమిదీ నలభైకి. రాత్రి సూసా పట్నంలో ఉన్నాను. ఏడుంపావుకి మేనేజరు ఫోన్ చేస్తే బయల్దేరాను." కప్పుతోనే మూలకి చూపించాడు. "అదిగో మీ హంతకుడు."

మూలలో మట్టి కుంపటి. అందులో సగం కాలిన బొగ్గులు. మీద నీలం ఎనామిల్ టీ కెటిల్.

"వాన, చలి," అన్నాడు రవూఫ్. "తలుపు మూసుకున్నాడు. కుంపటి రాజేసుకున్నాడు. టీ కాగేలోపు కళ్లు మూతలు పడ్డాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదని ఈ ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు."

"పొగగొట్టం సంగతేమిటి?"

"దానికేం? శుభ్రంగా ఉంది. నిన్ననే మూత తీసేశారు." మేనేజరు వైపు తల ఊపాడు. "చూపించవయ్యా."

మేనేజరు లుత్ఫీ షాబూనీ బాయిలర్ గది గోడకి గుచ్చి ఉన్న చీటీ తీసి నా చేతికిచ్చాడు. 'ఒకటో పొగగొట్టం మూత తీయడమైనది. బుధవారం, సాయంత్రం 4 గం. హమ్మాదీ.' కింద మరో చేతిరాత. 'చీటీ చూశాను. గురువారం ఉదయం 5.30కి వెలిగిస్తున్నాను. ఖమైస్.'

"అసలు పొగగొట్టానికి మూతెందుకు, సీ లుత్ఫీ?"

"కాయలొచ్చేది చలికాలంలోనే కదండీ. మిగతా ఎనిమిది నెలలూ బాయిలర్ చల్లగా పడుంటుంది. వాన, ఇసుక, పావురాలు అన్నీ గొట్టంలోకే. వాన నీళ్లు మసిలో కలిస్తే పులుసులా తయారై లోపల్నుంచి ఇనుముని తినేస్తాయి."

"ఖమైస్ ఏమనేవాడు?"

జవాబు చెప్పేముందు లుత్ఫీ రవూఫ్ మొహంలోకి చూశాడు. ఆ చూపుని నేను గుర్తుపెట్టుకున్నాను.

"మా మేస్త్రి ఉస్తా ఖమైస్‌కి మూతంటే గిట్టదండీ. బాయిలర్ మండుతున్నంతసేపూ పొగే వానని బయటికి తోసేస్తుంది, మండనప్పుడు పడ్డ నీళ్లు అడుగున తూము తీస్తే పోతాయి, ఇక మూతెందుకనేవాడు. పెట్టాలంటే ఖాళీ నెలల్లో పెట్టండి, వెలిగించేముందు మాత్రం తీసి తీరాలి, లేకపోతే పొగ వెనక్కి తిరిగి మనిషిని మింగేస్తుందని రెండేళ్లుగా ఒకటే పోరు. మంత్రిత్వ శాఖకి ఉత్తరం కూడా రాశాడు."

"కాలేజీ గుమ్మం ఎక్కనివాడి ఇంజనీరింగ్ అది," అన్నాడు రవూఫ్. "నా మూతకి చుట్టూ జానెడు సందుంటుంది. వాన లోపలికి రాదు, పొగ లోపల ఆగదు. తియ్యక్కర్లేదు, పెట్టక్కర్లేదు. ఈ జిల్లాలో ముప్పై ఎనిమిది మిల్లులకి అదే సిఫారసు చేశాను. అయినా ఇక్కడ మూతే లేదు కాబట్టి ఈ చర్చ అనవసరం."

తలుపు దగ్గర ఊడ్చే ఆమె నిలబడి ఉంది. పేరు మబ్రూకా. యాభై దాటి ఉంటాయి. చేతులు రెండూ ముందు కట్టుకున్న గుడ్డ కింద దాచుకుని, నేలకేసి చూస్తోంది.

"అక్కా, ఆయన్ని మొదట చూసింది నువ్వేనా?"

"నేనే, లల్లా." మా వైపు అమ్మగారూ అనే పిలుపు అది. "ఏడూ అయిదుకి."

"అప్పుడు ఈ కుంపటి ఇక్కడే ఉందా?"

"ఉంది."

"ఆయన రోజూ ఇక్కడే టీ కాచుకుంటాడా?"

ఆమె తలెత్తింది. అప్పటిదాకా నేర్పినట్టు వస్తున్న మాట ఒక్కసారిగా మారింది. "టీయా? ఇవాళ గురువారం కదా, లల్లా. సోమ, గురువారాలు ఉస్తా ఉపవాసం. భార్య పోయినప్పటినుంచీ ఒక్క వారం కూడా తప్పలేదు. తెల్లారుజామున అజాన్ వినబడ్డాక మంచినీళ్లు కూడా ముట్టడు."

ఈ ఉదయం అజాన్ అయిదుంపావుకి. బాయిలర్ వెలిగించింది అయిదున్నరకి.

కెటిల్ మూత తీసి చూశాను. నీళ్లున్నాయి. టీ ఆకు లేదు, పంచదార లేదు, పుదీనా లేదు. కుంపటిని ఎత్తి అడుగు చూశాను. తడి మట్టి అంటుకుని ఉంది. వాన మొదలైంది నాలుగూ యాభైకి, ఆగింది ఆరూ ముప్పై అయిదుకి. ఆ వాన పడ్డాకే ఎవరో ఈ కుంపటిని తడి నేలమీద పెట్టి, తర్వాత లోపలికి తెచ్చారు.

"చలి కాచుకోవడానికి తెచ్చుకున్నాడేమో," అన్నాడు రవూఫ్.

"బాయిలర్ పక్కన నిలబడి కుంపట్లో చలి కాచుకుంటారా, సీ రవూఫ్?"

అతను కాఫీ తాగడం ఆపాడు.

నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. లోపల ఆలివ్ పిప్పి పైపైన కాలి, అడుగున నల్లటి ముద్దలా ఆరిపోయి ఉంది. పొయ్యి నోటికి పైన తెల్ల గోడమీద నిలువెత్తు మసి మరక. వేలు పెట్టి రుద్దాను. పొడిగా రాలింది. మొన్ననే సున్నం కొట్టిన గోడ అది. మంట లోపలికి పోకుండా బయటికి నాలుక చాపిందంటే పైన దారి లేదన్నమాట.

"మసి తలుపు తియ్యండి," అన్నాను.

ప్రతి పొగగొట్టం అడుగునా మసి ఊడ్చడానికి చిన్న ఇనుప తలుపు ఉంటుంది. ముందు మూత ఎప్పుడూ పెట్టని రెండో గొట్టానిది తీయించాను. రెండు వేళ్ల లోతు నల్లటి నీళ్లు బొళుక్కున నా బూట్లమీద పడ్డాయి. తర్వాత ఒకటో గొట్టానిది. లోపల చెయ్యి పెట్టాను. మసి మెత్తగా, పొడిగా, పిండిలా ఉంది.

"నిన్న సాయంత్రమే మూత తీసేసుంటే ఈ గొట్టంలో వాన ఎందుకు పడలేదు?"

రవూఫ్ నవ్వాడు. "మీ ఖమైసే చెప్పాడు కదా. మండుతుంటే పొగే వానని బయటికి తోసేస్తుందని. పోయినవాడి మాట మీరైనా నమ్మాలిగా."

"వాన మొదలయ్యాక నలభై నిమిషాలకి కానీ అతను వెలిగించలేదు. ఆ నలభై నిమిషాల వాన ఏమైంది?"

"కొంచెం తడి. వేడికి ఆరిపోయుంటుంది."

అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కోర్టులో అతని లాయరు అదే అంటాడు. నాకు ఇంకా గట్టిది కావాలి.

"తీసిన మూత ఎక్కడుంది?"

బయట, గొట్టానికి నాలుగడుగుల దూరంలో, మట్టిలో పడి ఉంది. రెండు మీటర్ల వెడల్పున గొడుగు ఆకారంలో ఇనుప రేకు. ఒక అంచు లోపలికి వంగిపోయి ఉంది.

"తాడు కట్టి దించారా?"

"అవునండీ," అన్నాడు లుత్ఫీ. "నిన్న నాలుగింటికి. అప్పట్నుంచీ అక్కడే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"సరే. లేపండి."

నా కానిస్టేబుల్ షుక్రీ, లుత్ఫీ చెరోవైపు పట్టుకుని మూతని లేపి నిలబెట్టారు. నేను మోకాళ్లమీద వంగి చూశాను.

మూత కింద నేల తడిసి ఉంది. తడి ఒక్కటే కాదు. మెత్తటి మట్టిమీద వానచుక్కలు పొడిచిన చిన్న చిన్న గుంటలు వందలకొద్దీ ఉన్నాయి. చుక్కలు పడటం పూర్తయ్యాక ఎవరో మీద గాజు పలక పరిచి దాచిపెట్టినట్టు, ఒక్కటీ చెదరలేదు.

"సీ లుత్ఫీ," అన్నాను, లేవకుండానే. "నిన్న సాయంత్రంనుంచి ఇక్కడే ఉన్న మూత కిందకి ఈ ఉదయం వాన ఎలా వచ్చింది?"

అతను చూశాడు. మూత అంచు అతని చేతుల్లోంచి జారింది. షుక్రీ ఒక్కడే బరువు మొయ్యలేక కేక పెట్టి వదిలేశాడు. రేకు నేలకి తగిలిన చప్పుడికి గోడమీద పావురాలన్నీ లేచాయి.

"మూత వానంతసేపూ పైనే ఉంది," అన్నాను. "ఖమైస్ వెలిగించినప్పుడూ పైనే ఉంది. ఆరూ ముప్పై అయిదు తర్వాత, ఏడూ అయిదులోపు, ఆ అరగంటలో కింద పడింది. తాడుతో దించితే అంచు అలా వంగదు."

లుత్ఫీ మళ్లీ రవూఫ్ మొహంలోకి చూశాడు.

గొట్టాలెక్కే మనిషి హమ్మాదీని పిలిపించాను. నలభై ఏళ్లవాడు, ఎండకి నల్లబడ్డ మొహం. చీటీ చూపించగానే టోపీ తీసి చేత్తో నలపడం మొదలెట్టాడు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే, లల్లా."

"నిన్న ఎక్కావా?"

అతను తలెత్తి గొట్టం వైపు చూశాడు.

"ఎక్కలేదు. మేనేజరు గారు సంతకం చెయ్యమన్నారు. చేశాను. ఎక్కొద్దన్నారు. మూత అలాగే ఉండనీ, పొద్దున చూసుకుందామన్నారు. నేను ఏడున్నరకి కదా వచ్చేది, ఈలోగా ఎవరు వెలిగిస్తారులే అనుకున్నాను. ఉస్తా చీటీ చూసి వెలిగిస్తాడని..." చీటీ వైపు వేలు చూపించాడు. "ఆయన నా చీటీ నమ్మాడు, లల్లా. పదకొండేళ్లుగా నా చీటీ నమ్మే వెలిగిస్తున్నాడు."

"ఉదయం నువ్వు ఎక్కి తీశావా?"

"లేదు. నేను బస్సు దిగేసరికే అందరూ ఏడుస్తున్నారు. కావాలంటే డ్రైవర్ని అడగండి."

అతను అబద్ధం చెప్పడం లేదు. మరి ఇరవై ఆరు మీటర్ల గొట్టం, తడిసిన నిచ్చెన మెట్లు ఎక్కి, చేత్తో తిప్పే రెక్కల నట్లు నాలుగూ విప్పి, ముప్పై కిలోల మూతని ఎవరు తోశారు? నిచ్చెన దగ్గరికి నడిచాను. మెట్ల తుప్పు మీద కొత్తగా ఎవరో పట్టుకున్న చారలున్నాయి. ఒక మెట్టు అంచుకి ఎండిన రక్తం. మూడో మెట్టుకి ఒక దారం పోగు చిక్కుకుని ఉంది. నీలం గళ్ల నూలు.

వెనక్కి తిరిగాను. మబ్రూకా కట్టుకున్న గుడ్డ నీలం గళ్లది.

"అక్కా, చేతులు చూపించు."

ఆమె కదల్లేదు.

"చూపించక్కా. నేను కొట్టడానికి రాలేదు."

ఆమె మెల్లగా చేతులు బయటికి తీసింది. ఎడమ అరచెయ్యి తోలు లేచిపోయి ఉంది. గోళ్ల కింద నల్లటి మసి. కుడిచేతి వేళ్లు విప్పింది. అక్కడా తోలు లేచిపోయింది, మధ్యలో నాలుగు రెక్కల నట్లు.

"ఇవి పారెయ్యడానికి చోటు తెలియలేదు," అంది.

హమ్మాదీ "యా రబ్బీ" అని దేవుణ్ణి తలుచుకుని నేలమీద కూర్చుండిపోయాడు.

"నువ్వా ఎక్కింది?"

"మా నాన్న గొట్టాలు కట్టే మేస్త్రి, లల్లా. పన్నెండేళ్లప్పుడే ఎక్కడం నేర్పాడు. పెళ్లయ్యాక మళ్లీ ఎక్కలేదు. ఇవాళ ఎక్కాను."

"ఎన్నింటికి?"

"ఏడూ అయిదు అబద్ధం. నేనొచ్చింది ఆరూ నలభైకి. వాన అప్పుడే ఆగింది. బాయిలర్ గది రేకుల సందుల్లోంచి పొగ కారుతోంది. తలుపు తీశాను. ఉస్తా ఆ చివర పడున్నాడు. ఊపిరుంది, లల్లా. మడమ నేలకేసి రాస్తున్నాడు. నేను సగం దూరం వెళ్లేసరికి తల తిరిగి పడిపోయాను. పాక్కుంటూ బయటికొచ్చాను. అరిచాను. ఎవరూ లేరు, కూలీలు రావడానికి ఇంకా టైముంది. పైకి చూస్తే మూత అలాగే ఉంది. మూత తీస్తే పొగ పైకి పోతుంది, అప్పుడు లోపలికెళ్లి ఆయన్ని లాక్కురావచ్చనుకున్నాను. అంతే, ఎక్కేశాను."

"మరి ఇంతసేపూ ఎందుకు చెప్పలేదక్కా?"

ఆమె తల దించుకుంది. "పైనుంచి ఒక మనిషిని చూశాను. ఆఫీసు వెనకనుంచి వచ్చాడు. మొహానికి తడిగుడ్డ చుట్టుకున్నాడు. చేతిలో కుంపటి. తలుపు ముందు కింద పెట్టి, గుడ్డ సరిగ్గా బిగించుకుని, మళ్లీ ఎత్తుకుని లోపలికెళ్లాడు. దేవుడు పంపాడనుకున్నాను, లల్లా. ఉస్తాని ఇప్పుడు మోసుకొస్తాడు, ఇప్పుడు మోసుకొస్తాడని పైనుంచి చూస్తున్నాను. ఒట్టి చేతులతో బయటికొచ్చాడు. వచ్చి తలుపు మూశాడు."

డాక్టరు మాట నా చెవిలో మళ్లీ వినబడింది. పది నిమిషాలు.

"అప్పుడే మూత తోసేశాను. ఆ చప్పుడుకి పైకి చూశాడు. నేను దిగేసరికి నిచ్చెన కింద నిలబడున్నాడు. 'మూత పడేసి పొగని లోపలికి మళ్లించింది నువ్వే, వాణ్ని చంపింది నువ్వే, నేను చూశాను, ఏడూ అయిదుకి వచ్చానని చెప్పు, లేకపోతే జైలుకి పోతావు' అన్నాడు. లోపలికెళ్లి చూస్తే ఉస్తా మడమ ఆగిపోయింది." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నాకు చదువు లేదు, లల్లా. నిజంగా నేనే చంపానేమోనని పొద్దుట్నుంచీ భయపడుతున్నాను."

"నువ్వు చంపలేదు. ఆయన్ని బతికించడానికి ప్రయత్నించింది నువ్వొక్కదానివే," అన్నాను. నేను లుత్ఫీ వైపు తిరుగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మేనేజరు గారు కాదు. ఆయన ఎనిమిదికి వచ్చారు."

ఆమె వేలు చూపించలేదు. చూసిందంతే. నేనూ అటు చూశాను.

రవూఫ్ కమ్మూన్ చేతి గడియారం సర్దుకుంటున్నాడు. "ఊడ్చే మనిషి. గొట్టమెక్కి మూత తోశానని తనే ఒప్పుకుంటోంది. ఇంకేం కావాలి మీకు? నేను ఎనిమిదీ నలభైకి వచ్చానని చెప్పాను."

"మీ కారెక్కడ?"

"ఆఫీసు వెనక. ఎందుకు?"

"షుక్రీ, ఆ కారుని రెండు మీటర్లు ముందుకి తొయ్యి."

రవూఫ్ మొహంలో రంగు మొదటిసారి మారింది. తాళంచెవి ఇవ్వనన్నాడు. హమ్మాదీ, షుక్రీ కలిసి తెరిచి ఉన్న కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి బ్రేకు వదిలారు. తెల్ల కారు మెల్లగా ముందుకి జరిగింది. ఆవరణ అంతా బురద. కారు నిలబడ్డచోట మాత్రం కారంత పొడవున, కారంత వెడల్పున నేల తెల్లగా, పొడిగా, దుమ్ముతో ఉంది. ఆ పొడి నేలమీద తడవని రెండు సిగరెట్టు పీకలు కూడా ఉన్నాయి.

"మూత కింద తడి ఉండకూడదు, ఉంది. కారు కింద తడి ఉండాలి, లేదు," అన్నాను. "నాలుగూ యాభైకి ముందే మీరిక్కడున్నారు."

అతను ఇంకా నిలదొక్కుకోవాలనే చూశాడు. "అది నేరమా? బాయిలర్ మొదటిసారి వెలిగించేటప్పుడు చూడటం నా వృత్తి."

"మనిషి చస్తుంటే కుంపటి పట్టుకెళ్లడం కూడానా?"

"నేను వెళ్లేసరికే వాడు కదలడం..."

ఆగిపోయాడు. కానీ ఆగాల్సిన చోటు దాటిపోయాడు. అది అతనికీ తెలిసింది.

షుక్రీ రవూఫ్‌కి సంకెళ్లు వేశాడు. మాట్లాడింది లుత్ఫీ. గోడకి జారబడి కూర్చుని, మోకాళ్లమీద తల పెట్టుకుని చెప్పాడు.

"ఒక్క గంట అన్నాడు, ఇన్‌స్పెక్టర్ గారూ. మూత ఉంచి ఒక్క గంట వెలిగిస్తే చాలు, ఖమైస్ ఉత్తరం తప్పని తేలిపోతుందన్నాడు. మూత ఉందని తెలిస్తే ఉస్తా చచ్చినా వెలిగించడు. అందుకే చీటీ రాయించాం. ఏమైనా తేడా వస్తే నేనే దగ్గరుండి ఆపుతానన్నాడు. దగ్గరున్నాడు కూడా."

"మరెందుకు ఆపలేదు?"

లుత్ఫీ తల అడ్డంగా ఊపాడు. నేను రవూఫ్ వైపు చూశాను.

"ఆపితే మూత తప్పని ఒప్పుకున్నట్టే," అన్నాడు రవూఫ్, ఎటో చూస్తూ. "ముప్పై ఎనిమిది గొట్టాలమీద నా పేరుంది."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. కారులో కూర్చుని, సిగరెట్టు కాలుస్తూ, రేకుల సందుల్లోంచి పొగ కారడం చూస్తూ కూడా అతను ఇంత మామూలుగానే ఉండి ఉంటాడు. నాకు అతన్ని కొట్టాలనిపించలేదు. అతని పక్కన నిలబడాలంటేనే భయమేసింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు లుత్ఫీ. "ఇంకొకటుంది. పరీక్ష ఫలితం వచ్చాక పంపుతానన్నాడు. కానీ నిన్న సాయంత్రమే పంపేశాడు. నాకూ కాపీ వచ్చింది."

"ఏది?"

"అన్ని మిల్లులకీ ఉత్తరం. మూత ఉంచే బాయిలర్ వెలిగించవచ్చు, పరీక్ష జరిపి చూశాము, ప్రమాదం లేదు, అని."

జరగని పరీక్ష. అందులో చచ్చిపోబోయే మనిషి అప్పటికింకా రేపటి ఉపవాసం గురించి ఆలోచిస్తూ ఇంట్లో ఉండి ఉంటాడు.

"ఈ రోజు ఎన్ని మిల్లులు వెలిగిస్తున్నాయి?"

"మూడు. పది గంటలకి."

పదీ ఇరవై రెండు అయింది.

లుత్ఫీ నంబర్లు చెబుతుంటే నేనే ఫోన్ చేశాను. మొదటి మిల్లులో పిప్పి తడిసిపోయి ఇంకా వెలిగించలేదు. మూత తీసేదాకా అగ్గిపుల్ల గీయొద్దన్నాను. రెండో మిల్లులో పావుగంట క్రితమే వెలిగించారు. మేస్త్రికి తలనొప్పిగా ఉందట, వాంతి చేసుకుంటున్నాడట. తలుపులన్నీ తెరిచి, అతన్ని మోసుకుని బయటికి తెమ్మని అరిచాను. వాళ్లు మోసుకొచ్చేదాకా ఫోన్ పెట్టలేదు. మాట్లాడుతున్నాడని చెప్పాక పెట్టాను.

మూడో మిల్లులో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. అంబులెన్సుని అటు పంపమని షుక్రీకి చెప్పి, జీపు వైపు పరిగెడుతూ మళ్లీ చేశాను. మళ్లీ చేశాను. నాలుగోసారి ఒక ముసలావిడ ఎత్తింది.

"ఎవరమ్మా? నేను వంట చేసేదాన్ని. ఇక్కడెవరూ లేరు."

"బాయిలర్ మేస్త్రిని పిలవండి. తొందరగా."

"ఆయన లోపల పడిపోయాడమ్మా. లేపడానికి ఆయన తమ్ముడు వెళ్లాడు. తమ్ముడు రాలేదని తూకం దగ్గరి మనిషి వెళ్లాడు. ఆయన వెనక డ్రైవరు వెళ్లాడు. ఇంకా ఎవరూ బయటికి రాలేదు. లోపల చప్పుడు కూడా లేదు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "బాయిలర్ గది తలుపు దగ్గరే ఉన్నానమ్మా. నేను వెళ్లి చూడనా?"